మీటర్ బోర్డు మార్చే ముందు కార్పెట్ ఎత్తి చూడు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పరకాల. మా నాన్న 2008లో కొన్న డీజిల్ కారును ఇప్పుడు నేను నడుపుతున్నాను. 2023 జూలై వానలప్పుడు హన్మకొండ హంటర్ రోడ్డులో మా అక్కావాళ్ల ఇంటి ముందు పెట్టి ఉంటే సీట్ల అడుగు దాకా నీళ్లొచ్చాయి. కడిగించి, ఆయిల్ మార్పించాక బాగానే నడిచింది. కొన్ని నెలలుగా మాత్రం డాష్‌బోర్డు పిచ్చిపిచ్చిగా చేస్తోంది. బ్లోయర్ నాలుగు మీద పెడితే టెంపరేచర్ ముల్లు ఎరుపు దగ్గరికి లేస్తుంది, డీజిల్ ముల్లు కూడా పైకి పోతుంది. ఆపితే రెండూ కిందికి దిగుతాయి. ఇండికేటర్ వేస్తే దానితో పాటే ముళ్లు కొట్టుకుంటాయి. ఇది కాక స్పీడు ముల్లు, కిలోమీటర్ల అంకెలు ఉన్నట్టుండి చచ్చిపోతాయి, డాష్‌బోర్డు మీద తడితే మళ్లీ వస్తాయి. చూపిస్తే మీటర్ బోర్డు మొత్తం మార్చాలి, 11 వేలు అన్నారు. స్క్రాపులో పాతది 3,500కి ఉందట, పైగా అందులో కిలోమీటర్లు తక్కువున్నాయని ఆశ పెడుతున్నారు. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను, సోల్డరింగ్ కొంచెం వచ్చు. ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా? పనిలో పనిగా లోపల ఎల్ఈడీ బల్బులు వేయమంటారా? ఎండలో నడిపేటప్పుడు ఆ టెంపరేచర్ ముల్లు చూస్తే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ సంగతి తేల్చుకుందాం. ముల్లు అబద్ధం చెబుతోందా, ఇంజిన్ నిజంగానే వేడెక్కుతోందా అన్నది తేలకుండా మిగతావేవీ ముట్టుకోకు.

పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండిలో, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం చెవి ఆన్ మీద పెట్టు. టెంపరేచర్ ముల్లు అడుగునే ఉంటుంది. ఇప్పుడు బ్లోయర్ నాలుగు మీద పెట్టు. చల్లటి ఇంజిన్ మీద కూడా ముల్లు లేచిందంటే అది వేడి కాదు. నువ్వు రాసినదాన్ని బట్టి లేస్తుందనే అనుకుంటున్నాను. ఎందుకంటే స్విచ్ వేయగానే లేచి, ఆపగానే దిగుతోందన్నావు. రేడియేటర్‌లో నాలుగైదు లీటర్ల నీళ్లు ఉంటాయి, అవి వేడెక్కాలన్నా చల్లారాలన్నా నిమిషాలు పడుతుంది. కన్ను మూసి తెరిచేలోపు ఎక్కి దిగే వేడి ఉండదు. అయినా రిపేరు అయ్యేదాకా ఆ ముల్లును నమ్ముకోవద్దు. రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం చూసుకో. దూర ప్రయాణాలు ఈ వారం మానుకో. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకు.

ఇక అసలు విషయానికి వస్తే, నీ బండిలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. ఒకటి, బ్లోయర్‌తోనూ ఇండికేటర్‌తోనూ ముళ్లు కదలడం. రెండోది, తడితే వచ్చే స్పీడు ముల్లు. మీటర్ మార్చమన్నవాళ్లు రెండింటినీ ఒకే మూటలో కట్టేశారు. విడదీసి చూస్తే మొదటిది మీటర్ బోర్డు తప్పు కాదని నా గట్టి నమ్మకం. కొత్త మీటర్ 11 వేలు పెట్టి వేయించినా బ్లోయర్ వేయగానే ఆ కొత్త ముల్లు కూడా లేస్తుంది.

ఒక్క ముల్లే తప్పు చూపిస్తే దాని సెన్సరునో, దాని వైరునో అనుమానించాలి. రెండు మూడు ముళ్లు కలిసి తప్పు చూపిస్తే, అదీ వేరే ఏదో స్విచ్ వేసినప్పుడే చూపిస్తే, అవన్నీ కలిసే చోటు చూడాలి. అవన్నీ కలిసేది ఎర్త్ దగ్గర, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారిలో. మీటర్ బోర్డు, బ్లోయర్, ఇండికేటర్ల ఎర్త్ వైర్లు చాలా బండ్లలో ఒకటి రెండు బోల్టుల కిందే బాడీకి కలుస్తాయి. ఆ బోల్టు దగ్గర తుప్పు పడితే ఏమవుతుందో హంటర్ రోడ్డులో నువ్వే చూసి ఉంటావు. మోరీ జామైతే నీళ్లు ముందుకు పోలేక వాకిట్లోకి ఎదురు తన్నుతాయి కదా, కరెంటూ అంతే. బ్లోయర్ ఫుల్ స్పీడు మీద పది ఆంపియర్లకు పైనే లాగుతుంది. తుప్పు వల్ల ఆ బోల్టు దగ్గర 0.1 ఓమ్ అడ్డు పడిందనుకో. పదిని 0.1తో గుణిస్తే ఒక వోల్టు. అంటే మీటర్ బోర్డు సున్నా అనుకుంటున్న చోటే ఒక వోల్టు ఎక్కి కూర్చుంటుంది.

టెంపరేచర్ సెన్సరులో వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది, దాంతో సెన్సరు వైరు మీద వోల్టేజీ కూడా తగ్గుతుంది. సెన్సరు ఎర్త్ ఇంజిన్ దగ్గర మంచిగానే ఉంది, మీటర్ ఎర్త్ మాత్రం పైకి లేచింది. అంత ఎత్తు నుంచి చూస్తే సెన్సరు వోల్టేజీ తగ్గినట్టే దానికి కనిపిస్తుంది. తగ్గింది కాబట్టి వేడి పెరిగిందని లెక్కేసి ముల్లును లేపుతుంది. డీజిల్ ముల్లు కథ కూడా ఇదే. ట్యాంకు నిండినప్పుడు, డీజిల్ మీద తేలే ఫ్లోటు సెన్సరు నిరోధం తగ్గే రకం బండ్లలో ఆ ముల్లు కూడా పైకే పోతుంది. ఇండికేటర్ టిక్కుమన్నప్పుడల్లా ముల్లు కొట్టుకోవడం కూడా ఇందుకే. పాపం మీటర్ తనకు అందిన లెక్క తాను సరిగ్గానే చూపిస్తోంది.

మా ప్రాంతంలో ఈ జబ్బు ఇంతగా రావడానికి ఆ 2023 జూలైయే కారణం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ రోజులవి. మునిగిన బండ్లను అందరూ కడిగించారు, సీటు కవర్లు ఉతికించారు. కార్పెట్ కింద దుప్పటి లాంటి మందపాటి ఫెల్టు ఒకటి ఉంటుంది. దాన్ని తీసి ఆరబెట్టినవాళ్లు తక్కువ. పైన కార్పెట్ ఎండినట్టే ఉంటుంది, కింద ఫెల్టు మాత్రం నెలల తరబడి నీళ్లు పట్టి ఉంటుంది. ఎర్త్ బోల్టు సరిగ్గా దాని పక్కనే.

కాబట్టి ఆదివారం పొద్దున డ్రైవర్ వైపు తలుపు తీసి, బానెట్ లివర్ దగ్గర, కుడికాలు పక్కన ఉండే ప్లాస్టిక్ ముక్క విప్పు. కార్పెట్ అంచు పట్టి ఎత్తు. ఫెల్టును పిడికిట్లోకి తీసుకుని పిండి చూడు. తడి తగిలినా, బురద వాసన వచ్చినా అనుమానం సగం తీరినట్టే. లోపల నల్ల వైర్లు నాలుగైదు ఒకే థింబుల్‌లోకో (వైరు కొసకు బిగించే లోహపు రింగు), రెండు థింబుళ్లలోకో వచ్చి పది నంబరు బోల్టుతో బాడీకి బిగించి ఉంటాయి. కొన్ని బండ్లలో ఎడమ వైపు, గ్లవ్ బాక్స్ కింద ఇంకొకటి ఉంటుంది. బోల్టు చుట్టూ ఎర్ర తుప్పు, థింబుల్ మీద ఆకుపచ్చ చిలుము కనిపిస్తాయి. పాత ఇత్తడి చెంబు మీద పట్టే చిలుమే అది.

కనిపించగానే విప్పేయకు, ముందు కొలువు. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ మైనస్ బోల్టుకు, ఎర్ర వైరు ఆ థింబుల్ లోహానికి ఆనించు. వైరు అందకపోతే మామూలు వైరు ముక్క కలిపి పొడుగు చేసుకో. తాళం ఆన్, బ్లోయర్ నాలుగు, హెడ్‌లైట్, ఇండికేటర్ అన్నీ వేయి. ఎర్త్ బాగుంటే 0.1 వోల్టు లోపే ఉంటుంది. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఇంకా నమ్మకం కావాలంటే, రెండున్నర ఎంఎం వైరు ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఆ థింబుల్‌కు పట్టించి చూడు. వైరు ఆనించగానే ముళ్లు కిందికి దిగి, తీయగానే లేస్తే ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు. థింబుల్ దగ్గర రీడింగు బాగానే ఉండి ముళ్లు మాత్రం కదులుతున్నాయంటే, మీటర్ కప్లర్‌లో, అంటే వైర్ల గుత్తిని మీటర్‌కు తగిలించే ప్లగ్గులో, ఎర్త్ పిన్ను దగ్గర ఇలాగే కొలవాలి. అప్పుడు తప్పు బోల్టుకూ కప్లర్‌కూ మధ్యలో వైరులో ఉంటుంది.

బాగు చేసేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు తీయి, పని అయ్యాక చివర్లో పెట్టు. ప్లస్ ముందు తీస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బోల్టు విప్పి, థింబుల్ రెండు వైపులా, బాడీ మీద అది ఆనే చోటా ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దు. చాలామంది థింబుల్ ఒక్కటే రుద్ది బిగించేస్తారు, బాడీ వైపు తుప్పు అలాగే ఉండిపోయి ఆరు నెలలకు మళ్లీ మొదలవుతుంది. వైరు కొస కొంచెం ఒలిచి చూడు. లోపల రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా కోసి, కొత్త థింబుల్ గట్టిగా క్రింప్ చేయి. బిగించాక పైన వాసెలిన్ పట్టించు, బిగించకముందు కాదు. ఫెల్టు మాత్రం బయటికి తీసి రెండు రోజులు ఎండలో వేయి. అది తడిగా ఉండగా ఎంత చేసినా వృథానే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. హన్మకొండలో షాపు పెట్టిన కొత్తలో నర్సంపేట నుంచి ఒక రైతు జీపు తెచ్చాడు. ఇవే లక్షణాలు. ముందు టెంపరేచర్ సెన్సరు మార్చాను, తర్వాత మీటరే మార్పించాను. రెండుసార్లు మిర్చి అమ్మిన పైసలు లెక్కపెట్టి ఇచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు గానీ కార్పెట్ ఎత్తలేదు నేను. బోల్టు చేతితోనే తిరిగింది. ఆ రోజు ఆయన పైసలు ఆయనకు తిరిగి ఇచ్చేశాను గానీ, ఏనుమాముల మార్కెట్‌కూ నా షాపుకూ మధ్య ఆయన వృథాగా తిరిగిన రోజులు ఎలా తిరిగి ఇస్తాను? అప్పటి నుంచి ఎవరి మీటర్ అయినా ఎర్త్ కొలవకుండా విప్పలేదు.

ఇప్పుడు రెండో జబ్బు. తడితే స్పీడు ముల్లు, అంకెలు వస్తున్నాయంటే అది చాలావరకు డ్రై సోల్డర్, అంటే బోర్డు మీద టంకం పగిలి కరెంటు వచ్చిపోతూ ఉండడం. గేరుబాక్సు మీద ఉండే స్పీడు సెన్సరు అనుమానం కొట్టేయొచ్చు. సెన్సరు పోతే స్పీడు ముల్లు పడిపోతుంది, కిలోమీటర్లు పెరగకుండా ఆగిపోతాయి, అంతే. అంకెలు మాయం కావు. పైగా డాష్‌బోర్డు మీద నువ్వు కొట్టిన దెబ్బ గేరుబాక్సు దాకా పోదు. దీనికి మాత్రం మీటర్ బయటికి తీయాలి, ఐటీఐ చేసినవాడివి కాబట్టి నువ్వు చేయగలవు.

మీ కారుకు ఎయిర్‌బ్యాగ్ ఉంటే స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కప్లర్లు కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు. బ్యాటరీ మైనస్ తీశాక పది నిమిషాలు ఆగి పని మొదలుపెట్టు. మీటర్ బయట ఉన్నంతసేపూ తాళం ఆన్ చేయొద్దు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. స్టీరింగ్‌ను బాగా కిందికి దించి, దాని మీద మెత్తటి తువ్వాలు పరిచి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం, తర్వాత మీటర్ స్క్రూలు విప్పు. వెనక కప్లర్‌కు లాకు ఉంటుంది, దాన్ని నొక్కి తీయాలి, వైరు పట్టి లాగకూడదు. అది తీసేముందు ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకో, ఒకటి కప్లర్‌ది, ఒకటి కిలోమీటర్లది.

లోపల ముట్టుకోకూడనివి ముళ్లు. నీ కారులో ప్రతి ముల్లు వెనకా చిన్న స్టెప్పర్ మోటారు ఉండే అవకాశం ఎక్కువ. వేలితో తిప్పితే దాని గేర్లు దెబ్బతింటాయి, ముల్లు లాగితే మళ్లీ సరైన చోట కూర్చోదు. అందుకే ముందు గాజు విప్పకుండా వెనక మూత మాత్రమే తీయి. మీటర్‌ను రెండు లావుపాటి పుస్తకాల మధ్య నిలువుగా నిలబెట్టుకుంటే ముళ్ల మీద బరువు పడదు. బోర్డు ముట్టుకునే ముందు ఏదైనా ఇనుప వస్తువును ఒకసారి తాకు, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది.

ఇప్పుడు భూతద్దం, టార్చి తీసుకుని కప్లర్ పిన్నులు బోర్డుకు అతికిన చోట చూడు. లైటు నేరుగా వేయకు, పక్క నుంచి ఏటవాలుగా వేయి. మంచి టంకం చిన్న కొండలా నున్నగా మెరుస్తుంది. చెడినదాని చుట్టూ, పిన్ను మొదట్లో, వెంట్రుకంత సన్నటి నల్ల గీత గుండ్రంగా కనిపిస్తుంది. అగరబత్తి పుల్లతో పిన్నును మెల్లగా అటూ ఇటూ కదిపి చూడు, టంకం కదలకుండా పిన్ను ఒక్కటే కదులుతుంది. మే నెల ఎండకు వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుని, మన రోడ్ల కుదుపులకు ఇన్నేళ్లు ఊగితే పడే పగులు అది. ఒక్కటి కనిపించిందని ఆగకు, ఆ వరుస మొత్తం మళ్లీ టంకం పెట్టు.

25 వాట్ల ఐరన్ చాలు. మొన సన్నగా, శుభ్రంగా ఉండాలి. చెడిన టంకం మీద కొంచెం ఫ్లక్స్ రాసి, మొన పిన్నుకూ బోర్డు రాగికీ రెండింటికీ తగిలేలా ఆనించి, రెండు మూడు సెకన్లలో 60/40 లెడ్డు కొంచెం అందించి తీసేయి. అంతకంటే ఎక్కువసేపు పెడితే రాగి బోర్డు నుంచి లేచిపోతుంది, దాన్ని బాగు చేయడం చాలా కష్టం. ఊదకు, దానంతట అదే చల్లారనీయి. పక్క పిన్నుతో కలవలేదని మల్టీమీటరుతో చూసుకో. ఈ పని కిటికీ దగ్గర, వంటింటికీ పిల్లలకూ దూరంగా చేయి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో, అది సీసం.

నీళ్లొచ్చిన బండి కాబట్టి బోర్డు మీద తెల్లటి పొడి గానీ చిలుము గానీ ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తోమి బాగా ఆరనీయి. అది ముందు గాజు మీద పడనీయకు, నిజానికి అది ప్లాస్టిక్. పెట్రోలు, థిన్నర్ అసలే వాడొద్దు, సన్నటి పగుళ్లతో పొగచూరినట్టవుతుంది. దానికి సబ్బునీళ్లు చాలు. బోర్డు మీద కెపాసిటర్ ఏదైనా పైన ఉబ్బి ఉంటే అదే మైక్రోఫారడ్, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టులు, 105 డిగ్రీల రకం తెచ్చి వేయి. ఒంటి మీద చార ఉన్న వైపు మైనస్.

ఎల్ఈడీల సంగతి అడిగావు. లైటింగ్ కోసం వేసే బల్బులకు వేసుకో, అడ్డు లేదు, వెలగకపోతే తిప్పి పెడితే వెలుగుతుంది. బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర బల్బును మాత్రం కదపకు. చాలా పాత బండ్లలో డైనమో ఛార్జింగ్ మొదలుపెట్టడానికి కావలసిన మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. ఎల్ఈడీ ఆ కాస్త కరెంటు కూడా పోనివ్వదు. స్టార్ట్ చేశాక డైనమో ఊరికే తిరుగుతుంది, బ్యాటరీ రోజురోజుకూ దిగిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. మీటర్ మళ్లీ బిగించాక ఎలాగూ ఇంజిన్ ఆన్ చేసి బ్యాటరీ మీద కొలువు. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే.

చివరిగా ఆ స్క్రాపు మీటర్. వద్దు తమ్ముడూ. కిలోమీటర్లు మీటర్ బోర్డులోనే ఒక చిన్న మెమరీ చిప్పులో ఉంటాయి. కాబట్టి ఆ బోర్డు వేస్తే వేరే బండి తిరిగిన లెక్క నీ బండిలో కనిపిస్తుంది. రేపు అమ్మేటప్పుడు ఆ అంకె చూసి ఒకరు నమ్మి కొంటారు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలో ఆ అంకెను బట్టే లెక్క వేసుకుంటారు. లెక్క తప్పి బెల్టు తెగితే వాల్వులు వంగి ఇంజిన్ పాడవుతుంది. నష్టపోయేది నీ లాంటి ఇంకో కుటుంబమే. అదీ కాక కొన్ని బండ్లలో తాళం చెవి గుర్తింపు కూడా మీటర్‌తో ముడిపడి ఉంటుంది, వేరే బోర్డు పెడితే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. ఎప్పుడైనా మార్చక తప్పకపోతే పాత అంకె, మార్చిన తేదీ సర్వీసు పుస్తకంలో రాసిపెట్టి, కొనేవాళ్లకు చూపించు.

రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోకు. ఈ ఆదివారం ఎర్త్ చూడు. వారం నడుపు. ముళ్లు కుదురుకున్నాక వచ్చే ఆదివారం మీటర్ విప్పు. ఎర్త్ బోల్టు ముట్టుకోకముందు బ్లోయర్ నాలుగు మీద మల్టీమీటరు ఎంత చూపించిందో, రుద్ది బిగించాక ఎంత చూపించిందో రెండు అంకెలూ రాసి పంపు. రెండోది ఇంకా 0.1 దాటి ఉంటే ఎడమ వైపు ఎర్త్‌ను, ఇంజిన్ నుంచి బాడీకి పోయే పట్టీని చూడాలి. అది ఎలాగో అప్పుడు వివరంగా రాస్తాను.